ఫ్రీజర్ మాంసానికి నెలల లెక్క చాలదు

ఫ్రీజర్ అడుగున ఒక ప్లాస్టిక్ కవరు దొరుకుతుంది. పైన మంచు పొర, లోపల ముదురు రంగు ముక్కలు, తేదీ మాత్రం ఎక్కడా ఉండదు. దసరాకు తెచ్చిన మటనో, చుట్టాలు వచ్చినప్పుడు మిగిలిన చికెనో ఇంట్లో ఎవరికీ సరిగ్గా గుర్తుండదు. అప్పుడు వంటింట్లో రెండు మాటలు వినిపిస్తాయి. "అన్నాళ్లది తింటే లేనిపోని రోగాలు, పారేయండి" అనేది ఒకటి. "గడ్డకట్టే ఉందిగా, ఏమీ కాదు, కుక్కర్లో నాలుగు విజిల్స్ ఎక్కువ రానిస్తే సరి" అనేది రెండోది. ఒకరు నెలలు లెక్కపెడతారు, ఇంకొకరు మంటను నమ్ముతారు. ఎటూ తేలకపోతే మూడోవారు కవరు విప్పి వాసన చూస్తారు. ఈ మూడు పద్ధతులూ అసలు విషయాన్ని పక్కన పెడుతున్నాయని నా వాదన. మాంసం ఎన్నాళ్లది అన్నది చాలావరకు రుచికి సంబంధించిన ప్రశ్న. ఆరోగ్యానికి సంబంధించిన ప్రశ్న వేరు: గడ్డకట్టిన నాటి నుంచి నేటిదాకా ఆ మాంసానికి చలి ఎక్కడైనా తెగిందా? తెగితే ఎంతసేపు? కేంద్ర ప్రభుత్వ శాంపిల్ రిజిస్ట్రేషన్ వ్యవస్థ 2014లో చేసిన సర్వే ప్రకారం తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటిలోనూ 98 శాతానికి పైగా జనం మాంసాహారులే. దాదాపు ప్రతి ఇంటికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ఈ ప్రశ్నకు మనం ఇంకా అంచనాలతోనే జవాబు చెప్పుకుంటున్నాం.

ముందు చలి ఏం చేస్తుందో చూద్దాం. మాంసంలో నూటికి 70 నుంచి 75 పాళ్లు నీరే. ఆ నీరు మైనస్ 2 డిగ్రీల ప్రాంతంలో గడ్డకట్టడం మొదలై, మైనస్ 18 డిగ్రీలకు చేరేసరికి చాలా భాగం మంచుగా మారిపోతుంది. వాడుకోవడానికి నీరు దొరక్క, ఆ చలిలో ప్రాణక్రియలు నడవక, మాంసాన్ని కుళ్లబెట్టే బ్యాక్టీరియా, రోగం తెచ్చే బ్యాక్టీరియా రెండూ పెరగడం మానేస్తాయి. అవి చావవు, పెరుగుదల ఆగుతుందంతే. నిలకడగా మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉన్న ఆహారం ఎన్నాళ్లయినా సురక్షితమేననీ, తాను ఇచ్చే నెలల పట్టిక నాణ్యత కోసమేననీ అమెరికా వ్యవసాయ శాఖ స్పష్టంగా చెప్పేది ఇందుకే. దీనికి పాత సాక్ష్యం కూడా ఉంది. 1882 ఫిబ్రవరి 15న డనీడిన్ అనే తెరచాప ఓడ సుమారు 5 వేల గొర్రెల మాంసంతో న్యూజిలాండ్‌లోని పోర్ట్ చామర్స్ రేవు నుంచి లండన్‌కు బయలుదేరింది. లోపల ఆవిరితో నడిచే శీతల యంత్రం పెట్టారు. భూమధ్యరేఖ దగ్గరి వేడిలో సరుకు గదిలో చలి అంతటా సమంగా పాకడం లేదని గమనించిన కెప్టెన్ విట్సన్ స్వయంగా గాలి గొట్టంలోకి పాకి, గాలి ఆడేందుకు కొత్త రంధ్రాలు కోశాడు. ఆ చలికి ఆయన కదలలేకపోతే కాళ్లకు తాడు కట్టి బయటికి లాగారు. మూడు నెలలకు పైగా సాగిన ప్రయాణం తర్వాత లండన్‌లో పనికిరాదని పక్కన పెట్టింది ఒకే ఒక్క గొర్రెను. ఆ కెప్టెన్ ప్రాణం మీదికి తెచ్చుకుని కాపాడింది నిలకడైన చలిని. ఇన్ని రోజుల్లో చేరాలన్న పట్టింపు ఒక్కటే ఉండి ఆ చలి లేకపోతే 5 వేల గొర్రెలూ సముద్రం పాలయ్యేవే.

ఇంకా దూరం వెళ్లిన ఉదాహరణ అలాస్కాలో ఉంది. 1979లో ఫెయిర్‌బ్యాంక్స్ దగ్గర బంగారు గని కార్మికులకు శాశ్వత మంచునేలలో అడవిదున్న కళేబరం దొరికింది. బ్లూ బేబ్ అని పేరుపెట్టిన ఆ దున్న వయసును మొదట 36 వేల ఏళ్లుగా లెక్కగట్టారు, ఆ తర్వాతి పరిశోధనలు ఇంకా పాతదని తేల్చాయి. దాన్ని అధ్యయనం చేసిన శాస్త్రవేత్త డేల్ గత్రీ 1984లో దాని మెడ భాగం నుంచి చిన్న ముక్క తీసి కూర వండించి, మిత్రులతో కలిసి తిన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఒక గిన్నెడు కూరతో శాస్త్రం రుజువు కాదు, దీన్ని చూసి ఎవరూ సాహసాలు చేయకూడదు కూడా. అయితే "ఆరు నెలలు దాటితే విషమే" అని గట్టిగా నమ్మేవారు ఒక్క క్షణం ఆగి ఆలోచించడానికి ఈ సంగతి పనికొస్తుంది.

అలాగని కాలం ఏమీ చేయదని కాదు. ఇంటి ఫ్రీజర్‌లో నీరు నెమ్మదిగా గడ్డకడుతుంది కాబట్టి మంచు స్ఫటికాలు పెద్దవై కండ పొరలను చీలుస్తాయి. మాంసం కరిగించినప్పుడు గిన్నె అడుగున చేరే ఎర్రటి నీరు ఆ చీలికల్లోంచి కారిందే. చాలామంది రక్తమనుకునే ఆ ఎరుపు నిజానికి కండలో ఉండే మయోగ్లోబిన్ అనే రంగు పదార్థం. దాంతోపాటు మాంసంలోని పస కూడా కొంత పోతుంది, ముక్క పీచుపీచుగా తగులుతుంది. 1912 తర్వాత నేటి కెనడాలోని లాబ్రడార్‌లో ఉన్న అమెరికన్ క్లారెన్స్ బర్డ్స్ఐ అక్కడి ఇన్యూట్ జాలర్లను చూసి నేర్చుకున్నది ఇదే. ఎముకలు కొరికే చలిగాలిలో పట్టిన వెంటనే గడ్డకట్టిన చేప, నెలల తర్వాత కరిగించినా తాజా రుచే ఉండేది. కాస్త మందమైన చలిలో మెల్లగా గడ్డకట్టినది అలా ఉండేది కాదు. ఆ గమనికే తర్వాత ఘనీభవించిన ఆహార పరిశ్రమకు పునాది అయింది. మన వంటింటికి దీన్ని అన్వయిస్తే, రెండు కిలోల మటన్‌ను ఒకే ముద్దగా కవరులో కుక్కి ఫ్రీజర్‌లో పడేయడం చాలా పొరపాటు పద్ధతి. మధ్య భాగానికి చలి చేరేసరికి గంటలు గడిచిపోతాయి. ఒక పూటకు సరిపడా పలచని పొట్లాలుగా చేసి, గాలి నొక్కేసి, విడివిడిగా పరిస్తే త్వరగా గడ్డకడతాయి. కరిగించేటప్పుడు కూడా అంతే త్వరగా కరుగుతాయి.

ఇక కొవ్వు సంగతి. ఫ్రీజర్‌లో బ్యాక్టీరియా ఆగినా ఆక్సిజన్ ఆగదు. అది కొవ్వుతో కలిసి నెమ్మదిగా కనరు వాసన తెస్తుంది. అందుకే పులస, కనగర్తల వంటి కొవ్వున్న చేపలు రెండు మూడు నెలల్లోనే రుచి పోగొట్టుకుంటాయి, కొవ్వు తక్కువున్న చేపలు ఆరు నుంచి ఎనిమిది నెలలు నిలుస్తాయి. గోదావరి జిల్లాల నుంచి వేలు పోసి తెప్పించిన పులసను సంక్రాంతి దాకా దాచుకునేవారు అసలు దేనికోసం డబ్బు పెట్టారో దాన్నే పోగొట్టుకుంటున్నారు. ఖీమాకు గాలి తగిలే తలం ఎక్కువ కాబట్టి మూడు నాలుగు నెలలే గడువు. కార్జం, కందనకాయలకూ అంతే. మటన్ పెద్ద ముక్కలైతే నాలుగు నుంచి పన్నెండు నెలలు, కోడి ముక్కలైతే తొమ్మిది నెలలు, ముక్కలు చేయని కోడి ఏడాది అని అమెరికా పట్టిక చెబుతుంది. ఉప్పు కొవ్వును త్వరగా కనరెక్కిస్తుంది కాబట్టి ఉప్పు, కారం పట్టించి దాచిన చికెన్‌ను ముందుగా వాడేయాలి. సరిగా చుట్టని చోట తేమ ఆవిరై తెల్లగా, బూడిద రంగుగా ఎండిన మచ్చలు కనిపిస్తాయి. దీన్నే ఫ్రీజర్ బర్న్ అంటారు. దానివల్ల హాని లేదు. ఆ మేర కోసి పారేసి మిగతాది వండుకోవచ్చు, కోయకుండా వండితే మాత్రం ఎంత ఉడికినా అట్టముక్క నమిలినట్టే ఉంటుంది. ఇవన్నీ రుచికి జరిగే నష్టాలు. వీటిని జబ్బుతో కలిపి చూడటం వల్లే బాగున్న మాంసం చెత్తబుట్టలో పడుతోంది, ప్రమాదకరమైనది పొయ్యెక్కుతోంది.

వాసన చూసి తేల్చే అలవాటు మనలో బలంగా ఉంది. తాజా మాంసం విషయంలో అది తరతరాలుగా పనికొచ్చిన తెలివే. కుళ్లబెట్టే బ్యాక్టీరియా దుర్వాసన తెస్తుంది, జిగురు తెస్తుంది, ముక్కుకీ వేలికీ అది తెలుస్తుంది. చిక్కెక్కడంటే, జబ్బు తెచ్చే సాల్మొనెల్లా వంటివి వాసన లేకుండా, రంగు మారకుండా కూడా ప్రమాదకరమైనంతగా పెరగగలవు. పైగా గడ్డకట్టిన స్థితిలో కుళ్లిన మాంసం కూడా సరిగా వాసన రాదు, ఫ్రీజర్‌లోంచి తీసిన వెంటనే కవరు విప్పి ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏమీ తెలియదు. రంగును నమ్మినా మోసపోతాం. మటన్ గోధుమ రంగుకు తిరగడం మయోగ్లోబిన్ ఆక్సిజన్‌తో చేసే పని, చెడిపోయిందనడానికి అదొక్కటే రుజువు కాదు. లేత కోడిని గడ్డకట్టిస్తే ఎముకల్లోని మజ్జ రంగు బయటికొచ్చి ఎముకల చుట్టూ నల్లబడుతుంది. అది చూసి కోడి చెడిపోయిందని పారేసేవారు ఎందరో. కాబట్టి పూర్తిగా కరిగాక ముక్కు వద్దంటే నమ్మాలి. సరేనంటే మాత్రం ఇంకా అడగాల్సిన ప్రశ్నలు మిగిలే ఉన్నాయని గుర్తుంచుకోవాలి.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం కుక్కర్. మన వంటలో మాంసం అరగంట, ముప్పావుగంట ఉడుకుతుంది, ప్రెషర్ కుక్కర్‌లో వేడి 100 డిగ్రీలు దాటుతుంది, ఇక ఏ సూక్ష్మజీవి బతుకుతుందని అడుగుతారు. ఈ వాదనలో చాలా నిజం ఉంది. కోడిమాంసం లోపలి దాకా 74 డిగ్రీలు చేరితే సాల్మొనెల్లా నశిస్తుంది, మన కూరలు ఆ గీతను సునాయాసంగా దాటుతాయి. సగం పచ్చిగా తినే అలవాటున్న దేశాల కంటే ఈ విషయంలో మనం నయం. అయితే కొన్ని విషాలు బ్యాక్టీరియా చచ్చాక కూడా మిగులుతాయి. చేతుల నుంచి అంటుకునే స్టెఫిలోకాకస్, ముఖ్యంగా వండిన ఆహారం గంటల తరబడి బయట ఉన్నప్పుడు, మరిగించినా పోని విషాన్ని తయారుచేస్తుంది. పెళ్లిలో మిగిలిన బిర్యానీని మధ్యాహ్నమంతా గంగాళంలో వదిలేసి సాయంత్రం ఫ్రీజర్‌లో పెట్టడంలో ఉన్న ముప్పు ఇదే. ఫ్రీజర్ ఆ విషాన్ని తీసేయదు, తర్వాత వేడిచేసినా అది పోదు. ట్యూనా, కనగర్తల వంటి చేపలు పట్టిన తర్వాత ఎండలో ఉండిపోతే వాటిలో హిస్టమిన్ పేరుకుంటుంది. అది చలికీ లొంగదు, మంటకీ లొంగదు. తిన్న కాసేపటికి ముఖం ఎర్రబడి, ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి. ఉడికించడం మంచి రక్షణే, కానీ అంతకుముందు జరిగిన నిర్లక్ష్యం అంతటినీ అది తుడిచేయలేదు.

నా వాదన మీద అన్నిటికంటే బలమైన అభ్యంతరం వేరే ఉంది. అమెరికా పట్టికలు అమెరికా ఫ్రీజర్లకు రాసినవి, మన ఇళ్లకు అవెలా సరిపోతాయి? ఈ ప్రశ్న పూర్తిగా న్యాయమైనది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లు గ్యారేజీలో ప్రత్యేకంగా డీప్ ఫ్రీజర్ పెట్టుకుని, మేకమాంసం ఒకేసారి తెచ్చి ఆరు నెలలు వాడుకుంటారు. అక్కడ కరెంటు పోవడం అరుదు, ఆ ఫ్రీజర్ తలుపు రోజుకు ఒకసారి తెరిస్తే ఎక్కువ. వారికి ఆ పట్టిక ఉన్నది ఉన్నట్టుగా వర్తిస్తుంది. మన మధ్యతరగతి ఇంట్లో సింగిల్ డోర్ ఫ్రిజ్ పై అర సంగతి అది కాదు. ఫ్రీజర్ అరకు ఎంత చలి వస్తుందో చెప్పడానికి అంతర్జాతీయంగా ఒక గుర్తు ఉంది. ఒక నక్షత్రముంటే మైనస్ 6, రెండుంటే మైనస్ 12, మూడుంటే మైనస్ 18 డిగ్రీలు. ఫ్రిజ్ తలుపు మీద అతికించి ఉండే బీఈఈ నక్షత్రాలు కరెంటు పొదుపుకు సంబంధించినవి, వాటికీ దీనికీ సంబంధం లేదు. ఐదు నక్షత్రాల ఫ్రిజ్ అని కొన్నవారు ఫ్రీజర్ కూడా గొప్పదే అనుకుంటే పొరపాటు. పైగా ఆ అరలో మంచు పేరుకున్నప్పుడల్లా డీఫ్రాస్ట్ మీట నొక్కుతాం. ఆ కొన్ని గంటల్లో మంచు కరిగి అడుగున ట్రేలోకి కారుతుంది, పక్కనే ఉన్న మాంసం కూడా మెత్తబడుతుంది. తెల్లారేసరికి ఫ్రిజ్ మళ్లీ చల్లబడి కవరు మళ్లీ రాయిలా ఉంటుంది కాబట్టి మధ్యలో ఏమీ జరగనట్టే కనిపిస్తుంది. నెలకొకసారి ఇలా మెత్తబడి గట్టిపడిన మాంసాన్ని "మూడు నెలలదే కదా" అని వండుకోవడం, ఏడాదిగా కదలని చలిలో ఉన్నదాన్ని పారేయడం కంటే ఎక్కువ ప్రమాదం. నా మటుకు చెప్పాలంటే, సింగిల్ డోర్ ఫ్రిజ్ పై అరలో పచ్చి మాంసాన్ని నెల దాటనివ్వకూడదు, మీట నొక్కే ముందు మాంసాన్ని వండేయాలి. కొన్ని వందల రూపాయలకు దొరికే ఫ్రిజ్ థర్మామీటర్ ఒకటి లోపల పెట్టుకుంటే ఊహలతో పని ఉండదు.

కరెంటు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను కుదిపేసినప్పుడు నగరం రోజుల తరబడి చీకట్లో ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో పేటలకు పేటలే మునిగినప్పుడూ అంతే. ఇంటి ఇన్వర్టర్లకు ఫ్యాన్లు, లైట్లు కలుపుతారు గానీ ఫ్రిజ్ కలపడం తక్కువ. తలుపు తెరవకుండా ఉంచితే, నిండుగా ఉన్న డీప్ ఫ్రీజర్ దాదాపు 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చలిని నిలుపుకుంటుంది. ఫ్రిజ్ కింది అరలైతే నాలుగు గంటలే. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లోని చిన్న ఫ్రీజర్ అర ఆ 48 గంటల లెక్కకు రాదు. ఊరెళ్లినప్పుడు ఏం జరిగిందో తెలుసుకోవడానికి సులువైన ఉపాయం ఒకటుంది. చిన్న గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి, మంచు మీద ఒక రూపాయి నాణెం పెట్టి వెళ్లాలి. తిరిగొచ్చాక నాణెం పైనే ఉంటే చలి తెగలేదు. అడుగున మంచులో కూరుకుపోయి ఉంటే నీరంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందన్నమాట, అప్పుడు లోపలి మాంసం రాయిలా ఉన్నా తినకూడదు. ఈ ఉపాయం చేయనివారికి కూడా ఆనవాళ్లు దొరుకుతాయి. కవరు అడుగున ఎర్రటి నీరు మడుగుకట్టి గడ్డయి ఉంటుంది, విడివిడిగా పెట్టిన ముక్కలు ఒకే ముద్దగా అతుక్కుపోతాయి, పక్కనున్న ఐస్‌క్రీమ్ డబ్బాలో పదార్థం కుంగి, పైన గరుకుగా మంచు పలుకులు తేలతాయి. కరెంటు వచ్చేసరికి మాంసంలో ఇంకా మంచు పలుకులు ఉంటే, లేదా అది 4 డిగ్రీలు దాటకుండా ఉంటే మళ్లీ గడ్డకట్టించుకోవచ్చు. రుచి కొంత తగ్గుతుంది తప్ప ముప్పు లేదు.

చలి తెగడం ఎక్కువగా జరిగేది తుపానుల్లో కూడా కాదు, మన చేతుల్లోనే, కరిగించేటప్పుడు. మే నెల ఉదయం ఏడింటికి కిలో మటన్ గడ్డను సింకులో పెట్టేసే ఇళ్లు ఎన్నో. తొమ్మిదయ్యేసరికి పైపొర మెత్తబడి వేడెక్కుతుంది, మధ్యలో ఎముక దగ్గర ఇంకా మంచే ఉంటుంది. చేత్తో నొక్కితే లోపల గట్టిగా తగలడంతో "ఇంకా ఐసు పోలేదు" అని వదిలేస్తారు. ఆ లోపలి మంచు కరిగే లోపు పైపొర మీద బ్యాక్టీరియా గంటల తరబడి పెరుగుతుంది. 5 నుంచి 60 డిగ్రీల మధ్య మాంసం రెండు గంటలకు మించి ఉండకూడదు, గది వేడి 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. మన వేసవిలో వంటిల్లు 32 కంటే కింద ఉండే పూట ఏది? ముందు రోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి మార్చడం, అది కుదరకపోతే నీరు చొరబడని కవరులో పెట్టి అరగంటకోసారి చన్నీళ్లు మార్చడం, మైక్రోవేవ్‌లో కరిగిస్తే వెంటనే వండేయడం, ఇంతకుమించి దారులు లేవు. ఫ్రిజ్‌లో కరిగినదాన్ని వండకపోతే మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టవచ్చు. సింకులో కరిగినదాన్ని పెట్టకూడదు. 2015 జూన్‌లో చైనా కస్టమ్స్ అధికారులు దొంగరవాణా మాంసం పెద్ద ఎత్తున పట్టుకున్నప్పుడు అందులో కొంత నలభై ఏళ్లనాటిదన్న వార్త ప్రపంచమంతా పాకింది. ఆ నలభై ఏళ్ల మాట మీద చైనాలోనే తర్వాత సందేహాలు వచ్చాయి. ఖర్చు తగ్గించుకోవడానికి మామూలు బండ్లలో తరలించారనీ, దారిలో అది పలుమార్లు కరిగి గడ్డకట్టిందనీ వచ్చిన సమాచారాన్ని మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అసలు భయపడాల్సిన సంగతి అది.

"ఇంత ఆలోచన ఎందుకు, అనుమానం వస్తే పారేస్తే పోలా?" అనేది సౌకర్యవంతమైన మాట. పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధులు, జబ్బుపడి కోలుకుంటున్నవారు తినే భోజనం విషయంలో నేనూ ఆ మాటే చెబుతాను. అయితే అందరికీ, ఎప్పుడూ అదే నియమం అంటే ఒప్పుకోలేను. కిలో మటన్ 800 రూపాయలు దాటిన రోజుల్లో నెలకు ఒకటి రెండుసార్లే కొనగలిగే ఇంటికి ఆ పొట్లం విలువ ఏమిటో చెప్పనక్కర్లేదు. మన తిండి కోసం ప్రాణం పోగొట్టుకున్న జీవి అందులో ఉంది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది, అందులో 60 శాతం ఇళ్లలోనే. మన దేశంలో ఇళ్లలో వృథా మనిషికి ఏటా 55 కిలోలని అదే నివేదిక అంచనా. అనుమానం ఎక్కడినుంచి వస్తోందో చూస్తే, అది చాలాసార్లు మాంసంలో లేదు, మన దగ్గర సమాచారం లేకపోవడంలో ఉంది. పొట్లం మీద ఒక టేపు ముక్క అతికించి పెట్టిన తేదీ, ఏ మాంసమో రాయడానికి అర నిమిషం చాలు. ఎప్పుడు కరెంటు ఎక్కువసేపు పోయిందో, ఎప్పుడు మీట నొక్కామో అదే టేపు మీద చిన్న గీత గీసుకోవచ్చు. అప్పుడు గీత లేని పొట్లం ఏడాదిదైనా, మూడు నక్షత్రాల ఫ్రీజర్‌లో ఉంటే, ధైర్యంగా వండుకోవచ్చు. ఒక రోజంతా కరిగి ఉన్నదని గీత చెబితే వారం క్రితందైనా నిస్సంకోచంగా పారేయవచ్చు.

పెద్దవాళ్లు చెప్పే మరో అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోలేం. అసలు ఫ్రీజర్ మాంసమే ఎందుకు, ఏ పూటకాపూట తాజాగా తెచ్చుకుంటే ఈ బాధే లేదు కదా అంటారు. రుచి విషయంలో వారితో వాదించలేను. భద్రత విషయంలో మాత్రం తాజాదనం ఎప్పుడు మొదలైందో అడగాలి. ఆదివారం తెల్లవారుజామున కోసి, పదకొండింటి దాకా కొక్కేనికి వేలాడదీసిన మాంసం, రోడ్డు దుమ్ము, ఈగలు, ఎండ అన్నీ చూశాకే మన చేతికి వస్తుంది. కోసిన గంటలోనే చల్లబరిచి గడ్డకట్టించినది దానికంటే శుభ్రంగా ఉండవచ్చు. పెద్దల మాటలో అసలు బలం ఇంకోచోట ఉంది. ఫ్రీజర్‌లోకి ఏది పెడితే అదే బయటికి వస్తుంది. పొద్దున్న తెచ్చి, మధ్యాహ్నం దాకా సంచిలోనే ఉంచి, సాయంత్రం పెట్టిన మాంసంలో అప్పటికే పెరిగిన బ్యాక్టీరియా అలాగే ఆగి ఉంటుంది, కరిగిన క్షణం నుంచి అక్కడినుంచే మళ్లీ మొదలవుతుంది. బక్రీద్ నాడు ఒక్క పూటలోనే ఇంటింటికీ వాటాలు చేరతాయి, చిన్న ఫ్రిజ్‌లో ఒకేసారి ఐదారు కిలోలు వెచ్చటి మాంసం కుక్కాల్సి వస్తుంది. అంతటినీ చల్లబరచడం ఆ ఫ్రిజ్ వల్ల కాదు. ముందు వండేది వండేసి, మిగిలినది పలచని పొట్లాలుగా విడతలవారీగా పెట్టడం, పక్కింటి ఫ్రీజర్‌లో చోటు అడగడం మంచి పద్ధతులు.

ఇంటి సంగతి ఇంటివాళ్ల చేతిలో ఉంది. బయట తినేదానికి, కొనేదానికి ఆ అవకాశం లేదు. 2024లో తెలంగాణ ఆహార భద్రతా అధికారుల బృందాలు హైదరాబాద్ హోటళ్లలో వరుస తనిఖీలు చేసి ఫొటోలు బయటపెట్టినప్పుడు జనం ఉలిక్కిపడ్డారు. ఆ తనిఖీలు కొనసాగాలి, మరింత పెరగాలి. కానీ వాటి చుట్టూ సాగిన చర్చంతా "నెలలనాటి మాంసం" అన్న మాట దగ్గరే ఆగిపోయింది. ఫ్రీజర్‌లోంచి తీసిన పొట్లం మీద తేదీ లేకపోవడం, పచ్చి మాంసం వండినదాని పక్కనే మూత లేకుండా ఉండటం, ఫ్రీజర్‌లో ఎన్ని డిగ్రీలున్నాయో ఎవరూ రాసుకోకపోవడం, నెలల సంఖ్య కంటే పెద్ద నేరాలు. మన ఆహార భద్రతా ప్రాధికార సంస్థ నిబంధనల ప్రకారం కూడా ఘనీభవించిన మాంసం మైనస్ 18 డిగ్రీల దగ్గరే ఉండాలి. కాబట్టి తనిఖీకి వెళ్లిన ప్రతి అధికారి అక్కడి ఫ్రీజర్‌లో ఆ క్షణాన ఉన్న ఉష్ణోగ్రతను కొలిచి, నివేదికలో మొదటి వరుసలో రాసి, ప్రజలకు ప్రకటించాలి. ఐరోపా దేశాల్లో ఒకసారి గడ్డకట్టించి కరిగించి అమ్మే సరుకు మీద, కొన్ని మినహాయింపులు పోగా, కరిగించినదని రాయడం చట్టం. మన చేపల మార్కెట్లలో, మాంసం కౌంటర్లలో విడిగా అమ్మే సరుకుకు ఆ మాట చెప్పే అలవాటు లేదు. తాజాదనుకుని కొన్నవారు ఇంటికి తెచ్చి రెండోసారి గడ్డకట్టిస్తున్నారు, తామేం చేస్తున్నారో తెలియకుండానే. కౌంటర్ మీద ఒక చిన్న పలక పెట్టించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఇక పట్టికల సంగతి. చెంగిచర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉంది, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. రెండూ హైదరాబాద్‌లోనే. మేకమాంసం, నాటుకోడి, పులస, కొరమీను మన సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో, మన కరెంటు కోతల మధ్య ఎన్నాళ్లు నిలుస్తాయో కొలిచి, తెలుగులో ఒక పేజీ పట్టికగా ఇవ్వగలిగిన సామర్థ్యం వాటికి ఉంది. ఆ పేజీ మాంసం దుకాణం గోడ మీద, రేషన్ షాపులో, ఫ్రిజ్ కొన్నప్పుడు ఇచ్చే పుస్తకంలో ఉండాలని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ అడగాలి.